రూ. 1,250 రాళ్ల పెట్టె: అద్దానికి మార్కులు, కాగితానికి సున్నా

నాది గద్వాల. బోర్లకు పాయింట్లు చూస్తాను. కొబ్బరికాయతో కాదు, మీటరుతో. నీళ్ల కోసం పిలిచిన రైతుల్లో సగం మంది, పని అయిపోయి టీ తాగేటప్పుడు, ఇంట్లోంచి ఒక రాయి తెచ్చి చేతిలో పెడతారు. "సారూ, ఇందుల బంగారం ఉన్నదంటున్నరు, జర చూడుండ్రి." ఇన్నాళ్లూ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పి ఏదో ఒకటి చెప్పేవాణ్ని. పోయిన దసరాకు మా వాడు ఆన్‌లైన్‌లో రాళ్లను పరీక్షించే ఈ కిట్ తెప్పించాడు. ఎనిమిది నెలలు వాడాను.

పెట్టెలో ఉన్నవి: రెండు భూతద్దాలు (ఒకదాని మీద 10 ఎక్స్, ఇంకోదాని మీద 30 ఎక్స్), పాలిష్ లేని తెల్ల పింగాణీ పలక, అయస్కాంతం, ఉక్కు సూది, ఒక ఖాళీ డ్రాపర్ సీసా, వాడే పద్ధతి రాసిన కాగితం.

10 ఎక్స్ అద్దం బంగారం. రాయికి ఒక అంగుళం దూరంలో, కంటికి ఆనించి పట్టుకుంటే గింజ గింజా విడిగా కనిపిస్తుంది. 30 ఎక్స్ అన్నది మాత్రం అబద్ధం. 25 సెంటీమీటర్లను అద్దానికీ రాయికీ ఉండే దూరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. నిజంగా 30 రెట్లయితే రాయికి 8 మిల్లీమీటర్ల దగ్గర పెడితేనే కనపడాలి. స్కేలు పెట్టి చూశాను, దీనిదీ ఆ అంగుళమే. అంచుల్లో బొమ్మ వంకర కూడా. మనవడికి ఇచ్చేశాను, చీమల్ని చూసుకుంటున్నాడు.

పలక కూడా మంచిదే. పైకి పసుపుగా మెరిసేవన్నీ దాని మీద గీస్తే దొరికిపోతాయి. బంగారం పసుపు గీతే గీస్తుంది. ఇనుప గంధకం పైరైట్, రాగి గంధకం చాల్కోపైరైట్ ఆకుపచ్చ కలిసిన నల్ల గీత గీస్తాయి. ఇక మావైపు రైతులు తెచ్చే మెరుపుల్లో పదికి తొమ్మిది ఎండకు వానకు పసుపెక్కిన అభ్రకం. దానికి కాకిబంగారం అని పేరు పెట్టిన పెద్దలకు ఏ కిట్టూ అక్కర్లేకపోయింది. సూదితో గుచ్చితే రేకులు రేకులుగా లేస్తుంది, అంతే.

ఆకుపచ్చ రంగుతోనే అసలు తలనొప్పి. మా జిల్లాలో పచ్చగా కనిపించేవి మూడు రకాలు. ఎర్ర గ్రానైట్ పగుళ్లలో పిస్తా రంగు ఎపిడోట్ అనే ఖనిజం ఉంటుంది. దాని మీద ఉక్కు సూది జారిపోతుంది. రెండోది గద్వాల శిస్టు పట్టీ. 250 కోట్ల ఏళ్లకు పైబడిన పాత లావా నలిగి మారిన రాయి ఇది. తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోతుంది. ఇందులో బోరు వేస్తే పొడి ముదురు పచ్చగా వస్తుంది. అది హార్న్‌బ్లెండ్, క్లోరైట్ అనే ఖనిజాల రంగు, రాగిది కాదు. మూడోది మాలకైట్, అసలైన రాగి పచ్చ. సూదికి గీత పడుతుంది, పలచటి యాసిడ్ చుక్క వేస్తే పొంగుతుంది. కిట్‌లో యాసిడ్ ఇవ్వలేదు, ఆ సీసా అలంకారానికే. నేను పొడిని నిమ్మరసంలో నానబెట్టి తుప్పు లేని ఇనుప మేకు వేసి రాత్రంతా ఉంచుతాను. తెల్లారేసరికి మేకు ఎర్రబడితే రాగి ఉన్నట్టే. ఈ ముక్క వాళ్ల కాగితంలో లేదు.

ఆ కాగితం గురించి చెప్పాలి. "పసుపుగా మెరిసి, అయస్కాంతానికి అంటకపోతే బంగారం" అని అచ్చేశారు. పైరైటూ అంటదు, చాల్కోపైరైటూ అంటదు. ఇది చదివి ఎవరైనా పొలం తాకట్టు పెడితే ఎవరిది బాధ్యత?

ఐజ వైపు ఒక పెద్దాయన తువ్వాల్లో మూటగట్టి తెచ్చిన రాయితో కిట్‌కు అసలు పరీక్ష జరిగింది. తెల్ల పలుగురాయి, మీద పచ్చ మరక, లోపల ఇత్తడి రంగు గింజలు. అద్దంలో చూస్తే ఆ గింజల మీద నెమలి రంగులు. పలక మీద పచ్చనల్ల గీత. పొద్దున్నే మేకు ఎర్రబడింది. రాగే! నాకూ చెయ్యి వణికింది. ఎందుకంటే రాగి గంధకం ఉన్న పలుగు చారల్లో బంగారం కూడా ఉండొచ్చు. పగుళ్లలోకి ఎక్కిన వేడి నీళ్లు రెండింటినీ మోసుకొస్తాయి.

బంగారం సంగతి ఈ కిట్ చెప్పలేదు. చెప్పలేదని దాన్ని తప్పుపట్టను, టన్నుకు కొన్ని గ్రాములుంటే చాలు గని నడుస్తుంది, ఆ గ్రాములు అద్దానికి చాలాసార్లు కనపడవు. అందుకని హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు పంపాం. వాళ్లు ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీ (ఎక్స్‌రేలతో రాయిలో ఏమేం ఉన్నాయో చెప్పే పరికరం) పెట్టి రెండు నిమిషాల్లో "బంగారం 6 పీపీఎం" అని కాగితం ఇచ్చారు. అంటే టన్నుకు 6 గ్రాములు! పెద్దాయనకు మూడు రాత్రులు నిద్ర లేదు, నాకు టెన్షన్. అంత తక్కువ బంగారాన్ని ఆ తుపాకీ నమ్మకంగా పట్టలేదు. వేరే చోట ఫైర్ అస్సే అనే కరిగింపు పరీక్ష చేయించాం. పొడిని సీసం ఆక్సైడుతో కలిపి కరిగిస్తారు, బంగారముంటే సీసంలోకి దిగుతుంది. కొలతకు అందనంత తక్కువ అని వచ్చింది. రాగి 0.4 శాతం, అదీ ఏరి తెచ్చిన మంచి ముక్కలో.

"మరి హట్టిల ఎట్ల దొరికె సారూ?" అన్నాడు పెద్దాయన. న్యాయమైన ప్రశ్నే, హట్టి బంగారు గని మా పక్క రాయచూరు జిల్లాలోనే ఉంది. అక్కడ ఆరు వందల అడుగులకు పైగా లోతున పాతవాళ్ల తవ్వకాలు బయటపడ్డాయి. అందులో దొరికిన కలప సుమారు 2,000 ఏళ్ల నాటిది. రాతిని మంటతో కాల్చి పగలగొట్టేవారు. నిజాం కాలంలో కంపెనీ వచ్చి తవ్వి మూసింది, 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మళ్లీ తెరిచారు. కర్నూలు జిల్లా జొన్నగిరిలోనూ పాత గుంతలే దారి చూపించాయి. మన పెద్దాయన చెలకలో పాత గుంత లేదు, కరిగించిన చిట్టెం లేదు, చార వెడల్పు జానెడు.

పైన పచ్చ కనపడ్డంత మాత్రాన కింద ఖనిజం ఉన్నట్టు కాదు. వాననీరు రాగి గంధకాన్ని కరిగించి రాగిని అటూ ఇటూ పూస్తుంది, కొంచెం రాగి చాలా రాయిని పచ్చ చేస్తుంది. కందకం తవ్వాలి, చారకు అడ్డంగా వరసగా నమూనాలు తీయాలి, తర్వాత కోర్ డ్రిల్లింగ్. మా బోరు రిగ్గులా పొడి ఊదడం కాదు, కడ్డీల్లా రాయి బయటికి తీసి పెట్టెల్లో పేర్చడం. ఖనిజం వెతుకులాటకు జీ4 (తొలి చూపు) నుంచి జీ1 (పూర్తి వివరాలు) దాకా నాలుగు మెట్లు, ఏళ్ల పని. లీజు లేకుండా సొంత చెలకలో కూడా తవ్వకూడదు.

కొనేవాళ్లు మొత్తం కిట్ కొనకండి. 10 ఎక్స్ అద్దం, పలక విడిగా తీసుకుంటే చాలా తక్కువకే వస్తాయి. అయస్కాంతం పాత స్పీకర్‌లోది చాలు. అద్దానికి 5కి 5, పలకకు 4, కాగితానికి సున్నా.

ఎర్రబడ్డ మేకును పెద్దాయన అడిగి తీసుకెళ్లాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. బోరులో రెండున్నర ఇంచుల నీళ్లు పడ్డాయట.