టాపెట్ చప్పుడే లేని పాత బుల్లెట్ చూపిస్తే జాగ్రత్త

పాత బుల్లెట్ కొనాలని తిరుగుతున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. సంక్రాంతి దగ్గర పడుతోంది, పండక్కి బండి తీసుకుందామనుకునే వాళ్లు చాలామంది ఉంటారు. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నేను తెనాలిలో ఉంటాను. అక్టోబరులో విజయవాడలో పాత బళ్లు అమ్మే ఒక షాపులో 1994 మోడల్ స్టాండర్డ్ 350 కొన్నాను. కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడివైపు గేర్లు, హెడ్‌లైట్ మీద ఆంపియర్ మీటరు, అన్నీ ఒరిజినల్. 92,000 ఇచ్చాను. పదకొండింటికి వస్తానని ముందురోజే ఫోన్లో చెప్పాను. వెళ్లేసరికి బండి తళతళా మెరుస్తూ సెంటర్ స్టాండు మీద ఉంది. పెట్రోల్ ట్యాప్ తిప్పి ఒక్క కిక్ కొట్టాడు, స్టార్ట్ అయింది. "వినండి సార్, టాపెట్ సౌండే లేదు. ఈ ఏజ్ బండిలో ఇంత సైలెంట్ ఇంజన్ మీకు ఎక్కడా దొరకదు" అన్నాడు. నిజంగానే లేదు. టాపెట్లంటే ఇంజన్‌లో వాల్వులని తెరిపించే భాగాలు, వాటి దగ్గరి గ్యాప్ వల్ల వచ్చే టిక్ టిక్ చప్పుడే టాపెట్ సౌండు. నేను సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే వేడిగా తగిలింది. అడిగితే "ఇప్పుడే వాటర్ వాష్‌కి తీసుకెళ్లి తెచ్చాం" అన్నాడు. నమ్మాను. బందరు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిపి చూశాను, బాగానే లాగింది. డబ్బులు కట్టి బండి ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకి చోక్ వేసి, డీకంప్రెసర్ (ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే లీవరు) నొక్కి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కర్ తిప్పి, అంతా పద్ధతి ప్రకారమే కొట్టాను. ఇరవై కిక్‌లు పైనే. కార్బొరేటర్‌లోంచి ఒకటి రెండుసార్లు టప్ టప్ అంది తప్ప అందుకోలేదు. ఇంకో సంగతి అప్పుడే పట్టుకోవాల్సింది. కిక్కర్ మీద కాలు పెడితే చాలు, అడ్డన్నదే లేకుండా కిందికి వెళ్లిపోతోంది. తేలికగా ఉందే, మంచిదేలే అనుకున్నాను. బుల్లెట్‌లో అది మంచి లక్షణం కానే కాదు.

ఆ తర్వాత మూడు వారాలు ఒకటే టెన్షన్. మొదటి మెకానిక్ ప్లగ్ మార్చాడు. రెండో అతను సీబీ పాయింట్లు (స్పార్క్ వచ్చేలా చేసే కాంటాక్ట్ బ్రేకర్), కండెన్సర్ మార్చి, బ్యాటరీ కూడా మార్పించాడు. మూడో అతను కార్బొరేటర్ విప్పి జెట్ కడిగాడు. మొత్తం 4,300 అయింది. ముగ్గురూ బండిని తోసే స్టార్ట్ చేశారు. ఒక్కసారి వేడెక్కాక మాత్రం సగం కిక్‌కే అందుకుంటుంది. దాంతో ప్రతివాళ్లూ "అయిపోయింది సార్, చూశారుగా" అని పంపించేవాళ్లు. తెల్లారితే మళ్లీ మొదటికే. పాప పరీక్ష రోజున వీధి చివర పల్లం దాకా బండి తోసుకుంటూ వెళ్లాను. వెనకాల బ్యాగు పట్టుకుని పాప నడిచొస్తోంది. ఆ రోజు పడ్డ బాధ ఇంకా పోలేదు.

చివరికి మా వీధిలో ఒకాయన చెబితే, ఎప్పటినుంచో బుల్లెట్లు మాత్రమే చేసే పెద్ద మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లాను. బండి తీసుకురావద్దు, తనే వస్తానన్నారు. వచ్చీ రాగానే "రాత్రినుంచి స్టార్ట్ చెయ్యలేదు కదా?" అని అడిగారు. లేదన్నాక ఇంజన్ కుడిపక్క సిలిండర్ కింద ఉండే టాపెట్ కవరు ఒక్క నట్టు తిప్పి తీశారు. కింద పరిచిన పేపరు మీద నాలుగు చుక్కలు ఆయిల్ పడింది. లోపల వాల్వులని తెరిపించే రెండు పుష్ రాడ్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ముందుది పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుది, వెనకది పెట్రోలూ గాలీ లోపలికొచ్చే ఇన్లెట్ వాల్వుది. ప్లగ్ తీసేసి, టాప్ గేర్లో వేసి, వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పారు. వెనక రాడ్డు పైకి లేచి దిగాక ఇంకాస్త తిప్పి, పిస్టన్ పైకొచ్చిన చోట ఆపారు. అప్పుడు రెండూ స్వేచ్ఛగా ఉండాలట. వెనక రాడ్డుని రెండు వేళ్లతో తిప్పితే పెన్సిల్ లాగా తిరిగింది. ముందుది తిప్పబోతే కదల్లేదు. నన్నూ ప్రయత్నించమన్నారు. వేళ్లు నొప్పెట్టాయి గానీ వెంట్రుక వాసి కూడా తిరగలేదు.

"చప్పుడు రాకుండా బిగించి పారేశారు బాబూ" అన్నారు.

ఇది బాగా అర్థం చేసుకోండి, ఎందుకంటే మోసమంతా ఇక్కడే ఉంది. ఈ పాత ఐరన్ ఇంజన్లలో టాపెట్ సెట్టింగ్ ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. గ్యాప్ సున్నా ఉండాలి, కానీ బిగుతు ఉండకూడదు. అంటే రాడ్డు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇంజన్ వేడెక్కితే సిలిండరు, దాని మీది హెడ్డు సాగి కాస్త గ్యాప్ వస్తుంది. అప్పుడు సన్నగా టిక్ టిక్ వినబడుతుంది. అది ఆరోగ్యమైన చప్పుడే. చప్పుడు లేకుండా చెయ్యాలని చల్లటి ఇంజన్ మీద ఇంకా బిగిస్తే వాల్వు తన సీటు మీద, అంటే అది మూసుకునే అంచు మీద, పూర్తిగా కూర్చోదు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ సన్నగా తెరుచుకునే ఉంటుంది. కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కిన గాలి ఒత్తిడి, అందులోంచి పోతుంది, చల్లటి బండి స్టార్ట్ కాదు. వేడెక్కాక గ్యాప్ తెరుచుకుని వాల్వు మూసుకుంటుంది కాబట్టి అప్పుడు మాత్రం ఒక్క కిక్‌కే అందుకుంటుంది. అందుకే నేను వెళ్లేసరికి బండి వేడిగా ఉంది.

తర్వాత వచ్చిన యూసీఈ ఇంజన్లలో (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండేవి) హైడ్రాలిక్ టాపెట్లు, అంటే ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తమంతట తామే సర్దుకునేవి. వాటికి సెట్టింగ్ పనే లేదు, చప్పుడూ తక్కువ. ఆ బళ్లకి అలవాటు పడినవాళ్లు పాత బండిలో టాపెట్ సౌండ్ వింటే ఇంజన్ పోయిందనుకుంటారు. ఆ భయాన్నే షాపువాళ్లు వాడుకుంటున్నారు.

మేస్త్రీ గారు మూడు స్పానర్లతో లాక్ నట్టు వదులు చేసి సెట్టింగ్ సరిచేశారు. అడ్జస్టర్ నట్టు అంచులన్నీ అరిగి గుండ్రంగా అయిపోయి, మీద స్పానర్ జారిన కొత్త గీతలు మెరుస్తున్నాయి. మిగతా చోట్ల నల్లటి పాత ఆయిల్ పట్టి ఉంది, అక్కడ మాత్రం తెల్లటి లోహం. ఈ మధ్యే ఎవరో చేసిన పని అని చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. రాడ్డు వదులయ్యాక కూడా కంప్రెషన్ సగమే వచ్చింది. కిక్కర్ మెల్లగా నొక్కి పెట్టి నన్ను సైలెన్సర్ చివర చెవి పెట్టమన్నారు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు సుయ్‌మని వినబడింది. హెడ్డు దింపితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒకచోట కాలిపోయి, చిటికెన వేలి గోరంత మేర తినేసి ఉంది. సీటు మీద నల్లటి గుంటలు. వాల్వు మూసుకుంటేనే దాని వేడి సీటు ద్వారా హెడ్డులోకి పోతుంది. మూసుకోకపోతే మంటంతా ఆ సందులోంచే పోయి అంచుని కాల్చేస్తుంది. ఆటోనగర్లో సీట్ కటింగ్, కొత్త వాల్వు, గైడు, గ్రైండింగ్, గ్యాస్కెట్లు, లేబరు కలిపి 7,600 అయింది.

షాపు అతనికి ఫోన్ చేస్తే "పాత బండికి గ్యారంటీ ఏముంటుంది సార్, మీరే చూసి నచ్చి తీసుకున్నారు" అన్నాడు. ఫొటోలు పంపితే చూసి ఊరుకున్నాడు. నేరుగా వెళ్తే, ఓనరు ఎలా ఇచ్చాడో తను అలాగే అమ్మానన్నాడు. రాతపూర్వకంగా నా దగ్గర ఏమీ లేదు కాబట్టి అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయాను. మీరైతే ఇంజన్ కండిషన్ గురించి ఒక్క ముక్కైనా రసీదు మీద రాయించుకోండి.

ఇక చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను. ఏ టైముకి వస్తున్నారో ముందు చెప్పకండి, పొద్దున్నే షాపు తెరవగానే వెళ్లండి. బండి దగ్గరికి వెళ్లగానే, వాళ్లు తాళం తీసే లోపే సిలిండర్ ఫిన్ల మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉన్నా సరే, "సాయంత్రం వస్తాను, అప్పటిదాకా తియ్యొద్దు" అని వచ్చేయండి. ఒప్పుకోకపోతే ఆ బండి మర్చిపోండి. చల్లగా ఉంటే ఇగ్నిషన్ ఆఫ్‌లోనే, డీకంప్రెసర్ ముట్టుకోకుండా కిక్కర్ మెల్లగా నొక్కుతూ బిగుసుకున్న చోట ఒంటి బరువు మోపండి. మంచి ఇంజన్ అయితే మిమ్మల్ని కాసేపు మోస్తుంది, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. దడాలున జారిపోతే కంప్రెషన్ లేదు. అలా మోపినప్పుడే ఒకరిని వినమనండి. సుయ్‌మనే చప్పుడు సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్ వైపునుంచి వస్తే ఇన్లెట్ వాల్వు, ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపులోంచి వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు. రింగుల పని అయితే ఖర్చు ఇంకా ఎక్కువ.

డీకంప్రెసర్ లీవరు కూడా ఆడించి చూడండి, కాస్త ఫ్రీ ప్లే ఉండాలి. ఆ కేబుల్ బిగుతుగా ఉన్నా ఎగ్జాస్ట్ వాల్వు లేచే ఉంటుంది, లక్షణాలన్నీ ఇవే వస్తాయి. అదే అయితే అదృష్టవంతులు, రెండు నిమిషాల పని. టాపెట్ కవరు తీసి చూపించమని అడగండి. ఒక్క నట్టే. కుదరదంటే ఎందుకు కుదరదో మీకిప్పుడు తెలుసు. చప్పుడూ పొగా కనబడకుండా చిక్కటి ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. ఆయిల్ క్యాప్ తీసి రెండు వేళ్ల మధ్య రాసి చూడండి, ఈ బళ్లకి వాడే 20డబ్ల్యు50 ఆయిల్ అయితే గ్రీజు లాగా సాగదు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోలాలి, పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రెన్యువల్ ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి.

ఇప్పటికే కొని పొద్దున్నే స్టార్ట్ కాక ఇబ్బంది పడుతున్నవాళ్లు నాలాగా పార్టులు మారుస్తూ పోకండి. ముందు ప్లగ్ తీయండి. పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. తడిగా ఉంటే హెడ్డుకి ఆనించి కిక్ కొట్టి స్పార్క్ చూడండి. స్పార్క్ లేకపోతే పాయింట్ల వైపు వెళ్లండి, వాటి గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. స్పార్కూ ఉండి పెట్రోలూ వస్తూ బండి స్టార్ట్ కాకపోతే కంప్రెషన్ చూడాల్సిందే. నాకు మొదటి రోజే ప్లగ్ తడిగా ఉంది, స్పార్క్ నీలంగా వచ్చింది. ముగ్గురు మెకానిక్‌లలో ఒక్కరూ టాపెట్ కవరు విప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నా బండి పొద్దున్నే రెండో కిక్‌కో మూడో కిక్‌కో స్టార్ట్ అవుతోంది. వేడెక్కాక టిక్ టిక్ వినబడుతోంది. హెడ్డు పని చేశాక 500 కిలోమీటర్లకి మళ్లీ టాపెట్లు చూడమన్నారు, ఈ ఆదివారం ఇంజన్ చల్లగా ఉండగానే నేనే విప్పుతున్నాను. తెనాలి, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎవరైనా ఐరన్ ఇంజన్ బండి చూడ్డానికి వెళ్తుంటే నాకు మెసేజ్ పెట్టండి. వచ్చే ఆదివారం నుంచి ఏ ఆదివారమైనా పొద్దున నేనూ వస్తాను, స్పానర్లు తెస్తాను.