ఆరేళ్లుగా వాడుతున్న నియోడిమియం పాట్ మాగ్నెట్లు: ఆ "30 కిలోలు" అసలు ఎక్కడ?

ఆరేళ్ల క్రితం పది పాట్ మాగ్నెట్లు తెప్పించా. 32 మి.మీ. వెడల్పు, మధ్యలో నియోడిమియం బిళ్ల, చుట్టూ స్టీలు గిన్నె, వెనక హుక్కు. డబ్బా మీద 30 కిలోలు అని రాసుంది. చేతి వాచీ అంత కూడా లేని దానికి 30 కిలోలా అని ఆత్రం ఆగక అప్పటికప్పుడు టూల్స్ పెట్టుకునే రేకు బీరువా పక్కకి అతికించి దానికి డ్రిల్లింగ్ మెషీను తగిలించేసా. పటుక్కున ఊడి పడితే అదో లెక్క, ఇది ఊడలేదు, రేకు మీద గీత గీసుకుంటూ నత్తలాగా కిందికి జారి జారి చివరికి మెషీనుతో సహా నేల మీదకొచ్చింది. మెషీను బరువు రెండు కిలోలు కూడా ఉండదు. పచ్చి మోసం, ఒక్క స్టారు కూడా దండగ అనుకున్నా.

ఇవాళ నాలుగున్నర స్టార్లు ఇస్తున్నా. మాగ్నెట్లు అవే, డబ్బా మీద అంకె కూడా అబద్ధం కాదు, కాకపోతే ఆ అంకె ఒక్క మాగ్నెట్‌ది కాదు, మాగ్నెట్టూ దానికి అవతల ఉన్న ఇనుమూ కలిసి చేసే పని. ఇది నాకు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది.

లగేజీ తూచే హుక్కు త్రాసు పెట్టి లాగి చూసా. పది మి.మీ. మందం ఉన్న శుభ్రమైన ఇనుప ప్లేటు మీద తిన్నగా లాగితే 27 కిలోల దగ్గర ఊడింది, అంటే కంపెనీవాడు చెప్పిందానికి దగ్గరే. అదే మాగ్నెట్ బీరువా రేకు మీద ఆరు కిలోలకే వచ్చేసింది. ఎందుకో తెలియాలంటే ఒక చిన్న పని చేయండి, రేకుకి ఇటువైపు మాగ్నెట్ పెట్టి అటువైపు ఒక స్క్రూ ఆనించండి, అతుక్కుంటుంది. మందం ప్లేటుకి వెనక అదే స్క్రూ పెడితే దాదాపు పట్టించుకోదు, కింద పడిపోతుంది. ఇనుము సుమారు 2 టెస్లాల (అయస్కాంత క్షేత్రం ఎంత దట్టంగా ఉందో కొలిచే యూనిట్) దాకానే అయస్కాంత ఫ్లక్స్‌ని, అంటే మాగ్నెట్ లోంచి వచ్చే అయస్కాంత ప్రవాహాన్ని, తనలోంచి పోనిస్తుంది, ఆ తర్వాత నిండిపోతుంది, పల్చటి రేకు తొందరగా నిండుతుంది కాబట్టి మిగతాదంతా వెనక్కి కారిపోతుంది. అలా కారిపోయింది లాగడానికి పనికిరాదు.

పైగా బలం ఫ్లక్స్ సాంద్రత (ఫ్లక్స్ ఎంత దట్టంగా ఉందన్నది) వర్గానికి తగ్గట్టు ఉంటుంది. ఇనుముకి ఆనుకున్న చోట 1 టెస్లా ఉంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 4 కిలోల లాగుడు, అరకి పడితే 2 కాదు, ఒక్క కిలోయే. మాగ్నెట్ బలాన్ని చెప్పే గ్రేడ్లలో తక్కువదైన ఎన్35కి బదులు పెద్దదైన ఎన్52 కొంటే ఏదో అద్భుతం జరుగుతుందని డబ్బు పోసేవాళ్లు ముందు తమ ఇనుము మందం చూసుకోవాలి, రేకు నిండిపోయాక పెద్ద గ్రేడ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

ఇక సందు. పెయింటు, తుప్పు, దుమ్ము, ఏదైనా మధ్యలో ఉందంటే దెబ్బే, నేను మాస్కింగ్ టేపు ఒక్కో పొర వేస్తూ త్రాసుతో లాగుతూ పోతే అర మి.మీ. వచ్చేసరికే సగం పోయింది. పాట్ మాగ్నెట్‌కి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ గిన్నె ఫ్లక్స్‌ని మధ్య బిళ్ల నుంచి అంచుకి దగ్గర దారిలో తిప్పేస్తుంది, ఆనితే రాక్షసి, నాలుగు మి.మీ. దూరం జరిగితే పిల్లి. ఇంజిన్ కింద పడ్డ నట్టు తియ్యడానికి దీన్ని తాడుకి కట్టి దింపి పావుగంట తిట్టుకున్నా, తర్వాత గిన్నె లేని మామూలు దిమ్మె మాగ్నెట్ దింపితే దూరం నుంచే లాక్కుంది. ఆనించి పట్టడానికి ఒకటి, దూరం నుంచి లాగడానికి ఇంకొకటి, రెండూ ఒకే మాగ్నెట్‌లో రావు.

చాలామంది అడిగేది, ఇనుముకి బదులు అవతల ఇంకో మాగ్నెట్ పెడితే రెట్టింపు బలం రాదా అని. నేనూ అదే అనుకుని అలాంటివే రెండు మామూలు బిళ్లలు ఆనించి లాగి చూసా, మందం ప్లేటు మీద వచ్చినంతే వచ్చింది. మందమైన ఇనుము ఒక అద్దం లాంటిది అనుకోండి, దానికి ఎదురుగా మాగ్నెట్ పెడితే లోపల దాని ప్రతిబింబం ఉన్నట్టు ప్రవర్తిస్తుంది, ఆనితే ప్రతిబింబం కూడా ఆని ఉంటుంది, అందుకే సమానం. కానీ 5 మి.మీ. దూరం పెట్టారా, ప్రతిబింబం 10 మి.మీ. దూరంలో ఉంటుంది, నిజం మాగ్నెట్ మాత్రం 5లోనే. అందుకని మధ్యలో చెక్క, గుడ్డ ఉన్నప్పుడు రెండు మాగ్నెట్లే బెటర్, ఆనేచోట ఇనుప ముక్క చాలు, పైగా దానికి ఉత్తరం దక్షిణం గొడవ లేదు, తిప్పి పెట్టినా నెట్టెయ్యదు.

జారుడు సంగతి. 30 కిలోలు అన్నది తిన్నగా బయటికి లాగితే, గోడకి పెట్టి కిందికి వేలాడదీస్తే పట్టి ఉంచేది రాపిడి మాత్రమే, నికెల్ పూతకీ పెయింటుకీ మధ్య అది ఐదో వంతు ఉంటే గొప్ప. రేకు మీద ఆరు కిలోల్లో ఐదో వంతు ఎంత, కిలో పైన కొంచెం, నా డ్రిల్లు ఎందుకు జారిందో లెక్క సరిపోయింది. ఇప్పుడు మాగ్నెట్ కింద పల్చటి రబ్బరు ముక్క వేస్తున్నా, సందు వల్ల లాగుడు తగ్గుతుంది కానీ జారుడు అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. ఆ జారుడే తీసేటప్పుడు మళ్లీ కలిసొస్తుంది లెండి, బయటికి పీకకుండా అంచు దాకా జరిపి తీస్తే సరి.

పోయినవి చెప్తా. ఒకటి వేడికి పోయింది, మోటారు పక్కన లైటు కోసం పెట్టా, నెల తర్వాత తీస్తే పట్టు సగం కూడా లేదు, చల్లారాక కూడా తిరిగి రాలేదు. గ్రేడ్ అంకె పక్కన అక్షరం ఏమీ లేకపోతే 80 డిగ్రీలే హద్దు, ఎం అయితే 100, హెచ్ అయితే 120, ఎస్‌హెచ్ అయితే 150. కొనేటప్పుడు ఆ అక్షరం ఎవరూ చూడరు, నేనూ చూడలా. ఇంకోటి చేతిలోంచి ఎగిరి ప్లేటుని గుద్దుకుని బిళ్ల పెచ్చు లేచింది, పెచ్చు లేచిన చోట తుప్పు పట్టి ఏడాదిలో పిండి పిండి అయిపోయింది. ఇది లోహంలా కనిపిస్తుంది గానీ పింగాణీలా పగులుతుంది. నా చూపుడు వేలు ఒకసారి మధ్యలో ఇరుక్కుని గోరు నల్లబడింది, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లని వీటి దగ్గరికి రానివ్వకండి.

చిన్న చిరాకు ఏంటంటే ఇనుప రజను, ఒక్కసారి అంటుకుంటే గుడ్డతో తుడిస్తే పోదు. ఇప్పుడు ముందే పాలిథిన్ కవరు తొడిగి వాడుతున్నా, పనయ్యాక కవరు తిరగేసి లాగితే రజనంతా కవర్లోకే వస్తుంది. డ్రిల్ బిట్లు కూడా వీటి పక్కన పెట్టకండి, అవి కూడా మాగ్నెట్లై కూర్చుని కోసిన పొట్టంతా మీదేసుకుంటాయి.

పదిలో ఎనిమిది ఇంకా పనిచేస్తున్నాయి. అర స్టారు ఎందుకు తగ్గించానంటే 30 కిలోలు అని రాసినవాడు పక్కనే ఎంత మందం ప్లేటు మీద అనేది కూడా రాసుంటే నా డ్రిల్లు హ్యాండిల్ పగిలేది కాదు. మొన్న ఇంకో ఆరు తెప్పించా, రబ్బరు తొడుగు ఉన్నవి, వాటి సంగతి ఒక ఏడాది వాడాక రాస్తా.