గాల్వే నుంచి కిలార్నీకి: లిమరిక్ మీదుగానా, తీరం వెంబడా?

ఐర్లాండ్‌లో కారు అద్దెకు తీసుకుని తిరిగేవాళ్లు గాల్వే నుంచి కిలార్నీకి వెళ్లే రోజున ఈ రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి.

లిమరిక్ దారి దాదాపు 200 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. ఎం18 మోటార్‌వే మీద గంటకు 120 కిలోమీటర్ల వరకు వెళ్లొచ్చు. షానన్ నది కింద సొరంగంలోంచి వెళితే టోల్ కట్టాలి. దారిలో అడేర్‌లో గడ్డికప్పు ఇళ్లు చూసి, టీ తాగొచ్చు. అంతకుమించి ఆగాలనిపించే చోట్లు తక్కువ.

తీరం దారికి మాత్రం రోజంతా కేటాయించాలి. బాలీవాన్ దాటాక ఒకవైపు అట్లాంటిక్, మరోవైపు బరెన్ సున్నపురాతి నేల. దూరానికి ఉత్త బండలే అనిపిస్తుంది. కానీ మే నెలలో దిగి చూడండి, ఆ పగుళ్ల మధ్య నీలిరంగు జెన్షియన్ పూలు! తర్వాత 214 మీటర్ల ఎత్తు వరకు లేచే మోహెర్ కొండచరియలు. అక్కడ కనీసం రెండు గంటలు ఉండాలి. ఆపైన కిల్లిమర్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే, 20 నిమిషాల్లో షానన్ అవతల టార్బర్ట్‌లో దిగుతారు. లిమరిక్ చుట్టూ తిరిగే పని ఉండదు.

మనలాగే ఎడమవైపే నడుపుతారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఇరుకు రోడ్ల మీద టూరిస్టు బస్సు ఎదురొస్తేనే కష్టం.

నేనైతే తీరం దారే అంటాను. వాన ముసురు పట్టి చరియలు పొగమంచులో కనిపించని రోజైతే, లేదా మధ్యాహ్నం దాటాక బయల్దేరితే లిమరిక్ మీదుగానే వెళ్లండి.