డెల్టా మునిగిన సాయంత్రం: ఓపెన్ టీటీడీతో మూడేళ్లు

‘ఓపెన్ టీటీడీ’ అనే ఈ కంప్యూటర్ ఆటలో నాకు నచ్చినదంతా ఒకే ఒక్క మీట వెనక ఉంది. ఆట తెరవగానే కనిపించే పట్టికలో, సొంత పటం గీసుకోవడానికి, ‘సినారియో ఎడిటర్’ అని ఉంటుంది. చాలామంది దాని జోలికి వెళ్లరు, ఆట తనంతట తాను పుట్టించిన పటం మీదే రైళ్లు నడుపుకుంటారు. నేను ఈ మూడేళ్లలో అలాంటి పటాల మీద ఆడింది పది గంటలకు మించదు. మిగిలిన కాలమంతా నేను గీసుకున్న ఒకే పటం మీద గడిచింది. ఉత్తరాన కొత్తగూడెం, దక్షిణాన ఒంగోలు, పడమట శ్రీశైలం, తూర్పున మచిలీపట్నం, నడుమ మా విజయవాడ.

టీటీడీ అంటే ఇక్కడ ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్. ఆ పేరు విని మా అమ్మ నేను దర్శనం టికెట్ల కోసం కూర్చున్నాననుకుంది. 1990ల మధ్యలో క్రిస్ సాయర్ తయారుచేసిన ఆటను ఔత్సాహికులు మొదటి నుంచి మళ్లీ రాసి, ఓపెన్ టీటీడీ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. అప్పు తెచ్చి, పట్టాలు వేసి, సరుకులూ మనుషులనూ చేరవేసి లాభం తీయడం ఆట. మిగతాది గంటసేపు ఆడితే తెలిసిపోతుంది కాబట్టి నేరుగా నా పటం దగ్గరికి వస్తాను.

ఈ ఎడిటర్ ఒక నలుపు తెలుపు చిత్రాన్ని తీసుకుని దానిని నేలగా మారుస్తుంది. చిత్రంలో ఎంత తెలుపు ఉంటే నేల అంత ఎత్తు, నల్లగా ఉన్న చోట సముద్రం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. ఆ కొలతలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 250 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్కను కత్తిరించి ఒక్కో వైపు 1024 గడుల పటంగా కుదించాను. అంటే గడి ఒక్కింటికి సుమారు 250 మీటర్లు. చిత్రాన్ని ఆటకు ఇచ్చి, మా ఊరు ఎలా కనిపిస్తుందోనని కళ్లప్పగించి కూర్చున్నాను.

తెరంతా నీలం.

విజయవాడ లేదు. గుంటూరు లేదు. తెనాలి, గుడివాడ, ఏలూరు, బందరు, ఏదీ లేదు. నీళ్ల మధ్య కొండపల్లి కొండలు ఒక దీవి, మంగళగిరి కొండ ఒక చుక్క, కొండవీడు మరో దీవి. ఖమ్మం వైపు వెళితే గానీ నేల తగలలేదు. దించుకున్న ఫైలు పాడైందనుకుని మళ్లీ దించాను. ఫలితం అదే. రెండు సాయంత్రాలు అలాగే పోయాయి. మూడో రోజు పొద్దున గుంటూరు బండిలో కిటికీ పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేస్తే అప్పుడు తెలిసింది.

నా పటంలో పడమటి అంచున నల్లమల కొండలు 800 మీటర్లు దాటి ఉన్నాయి. నేను ఆటలో అతి ఎత్తైన శిఖరాన్ని 15వ మెట్టుగా పెట్టాను. సున్నాతో కలిపి 16 మెట్లు. 800ను 16తో భాగిస్తే మెట్టుకు 50 మీటర్లు. అంటే 50 మీటర్ల లోపున్నదంతా సున్నా మెట్టు, ఆట భాషలో సముద్రం. విజయవాడ ఎత్తు 20 మీటర్ల చుట్టుపక్కల, గుంటూరు 30. కృష్ణా డెల్టా మొత్తం ఆ మొదటి మెట్టు కిందే ఉంది. ఆటది ఏ తప్పూ లేదు, నేను అడిగిన లెక్కే అది చేసింది. డెల్టా పల్లపు నేల అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఎంత పల్లమో నాకు ఆ నీలం తెర చూపించింది.

ఎత్తుల పరిమితిని పెంచితే డెల్టా తేలుతుంది గానీ నల్లమల గోడలా లేస్తుంది, దాని మీద బండి ఎక్కదు. అందుకే చిత్రాన్నే సవరించాను. గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాములో తెరిచి, నేల అయిన ప్రతి చుక్కా ఒక మెట్టు పైకి లేచేలా దానికి 16 పాళ్ల వెలుగు కలిపి, సముద్రాన్ని మాత్రం సున్నాగానే ఉంచాను. వినడానికి సులభంగానే ఉంటుంది. చిక్కు తీరం దగ్గర వచ్చింది. నిజాంపట్నం, హంసలదీవి వైపు నేల రెండు మూడు మీటర్లే ఉండటంతో ఏది నేలో, ఏది నీరో ఆ చిత్రంలో తేలదు. తీరరేఖను చేత్తో గీయవలసి వచ్చింది. అందుకు మూడు ఆదివారాలు పట్టాయి. నాలుగో ఆదివారం మళ్లీ ఆటలోకి తెచ్చినప్పుడు విజయవాడ నుంచి సముద్రం దాకా ఒకే పచ్చని చదును పరుచుకుంది. లేచి వెళ్లి ఇంట్లో అందరినీ పిలుచుకొచ్చి చూపించాను.

తరువాత కృష్ణ. ఎడిటర్‌లో నదిని గడి గడిగా పెట్టాలి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు కాబట్టి అక్కడ నదికి అయిదు గడులు ఇచ్చాను. ఎగువన ఇసుక తిన్నెలతో కలిపి చాలా వెడల్పుగా పరుచుకున్న నది ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్యకు రాగానే సన్నబడుతుంది. 1850లలో ఆనకట్ట ఇక్కడే ఎందుకు కట్టారో, 1957లో బ్యారేజీ కూడా ఇక్కడే ఎందుకు వచ్చిందో, రైలు వంతెనలు కూడా ఇక్కడే ఎందుకు దాటాయో నాకు ఏ పుస్తకం చదివినా ఇంత స్పష్టంగా పట్టుబడలేదు. ఆటలో వంతెన ఖర్చు పొడవును బట్టి పెరుగుతుంది. అప్పుతో మొదలుపెట్టిన కంపెనీ చవకైన చోటు వెతికితే నది మీద నాకు దొరికిన చోటు సరిగ్గా ఇదే. రోజూ బండిలో దాటే వంతెన దగ్గరికే నా డబ్బు లెక్క నన్ను తీసుకొచ్చింది. ఈ ఆట మీద నాకున్న ప్రేమంతా ఆ ఒక్క క్షణానిదే.

మా నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మొదట్లో ఇది పిల్లల ఆట అని పట్టించుకోలేదు. ఒకనాడు వెనక నిలబడి, “కృష్ణా కెనాల్ ఏదిరా?” అన్నారు. వంతెన దాటగానే తెనాలి లైనూ గుంటూరు లైనూ విడిపోయే ఆ జంక్షను నేను పెట్టనే లేదు. “ఉత్త గుర్తుగా పెట్టినా చాలు కదా నాన్నా” అంటే, “అది లేకపోతే గుంటూరు బండి విజయవాడ దాకా వచ్చి దారి అడగాలిరా” అన్నారు. ఆ రోజు నుంచి కుర్చీ పక్కనే వేసుకున్నారు. కాజీపేట లైను వేస్తుంటే రాయనపాడు, కొండపల్లి, చెరువుమాధవరం, గంగినేని, ఎర్రుపాలెం, మధిర అని వరసగా చెబుతూ పోయారు. వాటిలో సగం చోట్ల ఊరు పెట్టడానికి ఆట ఒప్పుకోలేదు, మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయంది. అక్కడ పేరు బోర్డులు మాత్రం నాటాను.

మొదటి ఆదాయం బొగ్గు నుంచి వచ్చింది. కొత్తగూడెం, ఇల్లెందుల దగ్గర గనులు, ఇబ్రహీంపట్నం దగ్గర విద్యుత్ కేంద్రం పెట్టాను. ఆటలో కిరాయి రెండు స్టేషన్ల మధ్య దూరాన్ని బట్టి వస్తుంది, ఆలస్యమైన కొద్దీ తగ్గుతుంది. బొగ్గుకు ఆ తగ్గుదల చాలా నెమ్మది, ప్రయాణికులకు వేగం. అందుకని నెమ్మదిగా నడిచే గూడ్సు బండ్లు కూడా నాలుగేళ్లలో అప్పు తీర్చేశాయి.

అసలు పరీక్ష విజయవాడ స్టేషనులో ఎదురైంది. నిజమైన స్టేషనుకు ఉన్నట్టే 10 ప్లాట్‌ఫారాలు కట్టాను. 2014లో ఈ ఆటకు చేరిన ఒక సదుపాయం వల్ల ప్రతి ప్రయాణికుడికీ ఒక గమ్యం ఉంటుంది. మాచర్లలో ఎక్కినవాడు బందరు వెళ్లాలంటే గుంటూరులోనూ విజయవాడలోనూ బండి మారతాడు. దానితో నా విజయవాడలో 4,000 మంది పైగా ఎదురుచూస్తూ ఉండిపోయారు. నాలుగు వైపుల నుంచీ వచ్చే బండ్లు అవుటర్‌లో వరసగా ఆగిపోయాయి. ప్లాట్‌ఫారాలు పెంచబోతుంటే నాన్న ఆపారు. “లోపల ఆరు ఖాళీగా ఉన్నాయి చూడు. ఖాళీ లేనిది గుమ్మంలో. పది గదుల ఇంటికి ఒక్క గుమ్మం పెట్టావు.”

నిజమే. దక్షిణం నుంచి వచ్చే ప్రతి బండీ ఒకే జత పట్టాల మీద పాయింట్లు, అంటే బండి ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారే చోట్లు, దాటుతోంది. గుంటూరు బండి చివరి ప్లాట్‌ఫారానికి వెళ్లాలంటే మిగతా అన్ని దారులకూ అడ్డం పడుతోంది. గుంటూరు, బందరు బండ్లకు చెరొక పక్క విడి దారులిచ్చి, కాజీపేట నుంచి మద్రాసు వైపు వెళ్లేవాటిని మధ్యలో తిన్నగా పోనిచ్చాను. రెండు రోజుల పని అది. అప్పటికీ రద్దీ సగమే తగ్గింది. చివరకు పొందుగల దగ్గర కృష్ణ మీద ఇంకో వంతెన వేసి, నడికుడి మీదుగా గుంటూరుకు లైను కలిపాను. హైదరాబాదు నుంచి గుంటూరు వచ్చేవాళ్లు విజయవాడ మొహం చూడకుండానే దిగసాగారు. గుంటూరులో ఉద్యోగం చేసేవాడిగా ఆ లైను విలువ నాకు తెలుసుననుకునేవాణ్ని. అది లేకపోతే విజయవాడ ఏమవుతుందో మాత్రం ఆటలోనే చూశాను.

ఇంతగా పొగిడాను కాబట్టి కొన్ని లోపాల మాట కూడా చెప్పాలి.

పటం అచ్చు మన నేలే అనిపించేలా చెప్పాను గానీ హైదరాబాదు, మద్రాసు నా పటంలోకి రావు. హైదరాబాదును వాయవ్య మూలన, మద్రాసును ఒంగోలు పక్కన పెట్టాను. అలా దూరం తగ్గడంతో వాటి కిరాయి కూడా తగ్గిపోయింది. పటం కొలతలు ఒకసారి ఖాయం చేశాక పెంచడం కుదరదు. మొదలుపెట్టే ముందే ఎక్కడిదాకా కావాలో తేల్చుకోవాలి, నేను తేల్చుకోలేదు.

కాలువల సంగతి ఇంకా బాధ. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడింటినీ ముచ్చటపడి గీశాను. కాలువ దాటే ప్రతి పట్టాకూ వంతెన కావాలి, వంతెన మీద పాయింట్లు వేయడానికి వీలులేదు. స్టేషను గుమ్మంలో పాయింట్లకు చోటు లేకుండా పోయింది. ఊళ్లో ఉన్నంత మేరకు రైవస్ కాలువను చెరిపేశాను. ఇప్పటికీ ఆ చోటు చూస్తే మనసొప్పదు.

వాతావరణం విషయంలోనూ రాజీ తప్పలేదు. ఉష్ణమండలం ఎంచుకుంటే చెట్లూ చేమా మన వైపు పోలికతో ఉంటాయి గానీ బొగ్గు ఉండదు. సమశీతోష్ణం ఎంచుకుంటే బొగ్గు ఉంటుంది, చెట్లు మనవి కావు. నేను బొగ్గునే ఎంచుకున్నాను. గుంటూరు మిర్చి యార్డుకు మాత్రం ఎందులోనూ చోటు దొరకలేదు. రైతు తెచ్చిన సరుకు అమ్ముడై, అదే సరుకుగా మళ్లీ బండెక్కే చోటు ఈ ఆటకు తెలియదు. సరుకు తెస్తే ఫ్యాక్టరీలో మరో వస్తువు కావాలి, లేదా అక్కడితో అయిపోవాలి. అదనపు పరిశ్రమల కట్టలు కలుపుకుంటే కొంత మార్చుకోవచ్చు. సగం నడిచిన ఆటలో వాటిని మార్చే ధైర్యం నాకు లేదు. ఇక కాలం లెక్క వేరు. విజయవాడలో బయలుదేరిన బండి గుంటూరు చేరేసరికి ఆట క్యాలెండరులో నెల దాటుతుంది, మన గడియారంలో నిమిషం పైచిలుకు. మొదట అది కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది, వారంలో అలవాటవుతుంది.

నా ల్యాప్‌టాప్ పాతది. బండ్లు 300 దాటాక ఆట నత్తనడక నడిచింది. కొత్త యంత్రం ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు.

మీకు చెప్పదగ్గ ఆటేనా అంటే, నా పరిస్థితి చూసి మీరు తూచుకోవాలి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సాయంత్రాలు ఖాళీ, పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు చెప్పే తండ్రి ఉన్నారు, రోజూ ఎక్కే బండి కూడా ఆ లైనులోదే. ఇవేవీ లేనివారికి మూడు ఆదివారాలు తీరరేఖ గీయడం శిక్షలా ఉండవచ్చు. అలాంటివారు ఇతరులు గీసి ఉచితంగా పంచిన పటాలతో మొదలుపెట్టడం మంచిది. సొంత ఊరు గీయాలనుకుంటే మాత్రం ముందు మీ ఊరి ఎత్తు ఎన్ని మీటర్లో కనుక్కోండి, ఆ తరువాతే ఎడిటర్ తెరవండి.

ప్రస్తుతం హంసలదీవి వైపు కృష్ణ సముద్రంలో కలిసే పాయలు గీస్తున్నాను. ఒక్కో పాయకు రెండేసి సాయంత్రాలు పడుతున్నాయి. చెరువుమాధవరంలో బండ్లు పక్కకు ఆగే లూప్ లైను రెండు గడులు పొట్టిగా ఉందనీ, గూడ్సు బండి తోక బయట మిగిలిపోతోందనీ నాన్న వారం రోజులుగా గుర్తుచేస్తున్నారు. ముందు అది సరిచేయాలి.