ఆ 'బ్యాండ్ 8 వొకాబులరీ' కోర్సుకి డబ్బు కట్టకండి, నాకు జరిగింది చదవండి

రీల్స్‌లో రోజూ కనిపిస్తాడే, చేతిలో మార్కర్ పట్టుకుని "ఈ పదం వాడితే ఎగ్జామినర్ షాక్" అంటూ, ఆ సార్ కోర్సు గురించే చెబుతున్నా. పేరు రాస్తే పోస్టు తీసేయిస్తారు. విదేశాలకి వెళ్లడానికి రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి చదివేవాళ్లలో ఆయన్ని చూడనివాళ్లు తక్కువ, కాబట్టి ఎవరో మీకే తెలిసిపోతుంది. నాకు రైటింగ్‌లో 7 బ్యాండ్ (ఆ పరీక్షలో స్కోరుని అలా అంటారు) కావాలి, 6.5 దగ్గర ఆగిపోయింది. స్కోరు రాకపోతే పూర్తి డబ్బు వాపస్ అన్నారు. కట్టాను.

వచ్చిన పీడీఎఫ్ తెరిస్తే ప్రతి పదం పక్కనా దాని వ్యతిరేక పదం, వెనకపేజీల్లో అనాలజీ ప్రశ్నలు (రెండు పదాల మధ్య సంబంధం చూసి అలాంటి జతనే ఎంచుకునేవి). ఐఈఎల్‌టీఎస్‌లో ఇలాంటి ప్రశ్నలే ఉండవు. అవి విదేశాల్లో పీజీకి రాసే జీఆర్‌ఈ పరీక్షలో పాతకాలపువి. జీఆర్‌ఈ వాళ్లు కూడా 2011లో పరీక్ష మార్చినప్పుడు వాటిని తీసేశారు. అంటే ఈ రెండు పరీక్షలకీ అక్కర్లేని సరుకుకి కొత్త అట్ట వేసి మనకి అంటగట్టారు. దానికి తోడు 'మా సీక్రెట్ అకడమిక్ లిస్ట్' అని ఇంకో ఫైలు. చూడగానే గుర్తుపట్టాను. ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్టే అది. 570 వర్డ్ ఫ్యామిలీలు (ఒకే మూలపదం నుంచి వచ్చే పదాల గుంపులు), పది సబ్‌లిస్టులు, వరస కూడా మార్చలేదు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ లిస్టు నిజంగా మంచిది, అందరూ చదవాల్సిందే. ఆవిడ పేరు చెరిపేసి మీద తన వాటర్‌మార్క్ కొట్టుకోవడం ఏం పద్ధతి?

ఇదంతా ఓర్చుకున్నా. ఎస్సేలు దిద్దుతారు కదా, అది చాలనుకున్నా. లైవ్ క్లాసులో నా ఎస్సే స్క్రీన్ మీద పెట్టాడు. నేను రాసిన వాక్యం, 'ట్రాఫిక్ ఈజ్ ఎ సీరియస్ ప్రాబ్లమ్ ఇన్ మెనీ సిటీస్'. దాన్ని ఎర్రగా కొట్టేసి పైన ఇలా రాశాడు: 'ట్రాఫిక్ ఈజ్ యాన్ ఎగ్రీజియస్ కనండ్రమ్ ఇన్ ఎ ప్లెథొరా ఆఫ్ మెట్రోపొలిసెస్'. మైక్ ఆన్ చేసి మర్యాదగానే అడిగాను, "సార్, ఈ మాటలు ఒకదానితో ఒకటి అతకట్లేదు కదా, కొలొకేషన్ తప్పవుతుందేమో" అని. ఏ మాట పక్కన ఏ మాట సహజంగా వస్తుందన్నదే కొలొకేషన్.

ఆయన మార్కర్ కింద పెట్టాడు. "నీ బ్యాండ్ ఎంత?"

"ఆరున్నర సార్."

"చూశారా అందరూ? ఆరున్నరగాళ్లు నాకు కొలొకేషన్ నేర్పుతున్నారు. ఇలాంటివాళ్లు జన్మలో ఏడు దాటరు."

క్లాసు మొత్తం వింటోంది. నేను జవాబు చెప్పేలోపే నా మైక్ మ్యూట్ అయింది. చాట్‌లో అఫీషియల్ బ్యాండ్ డిస్క్రిప్టర్స్ (ఏ స్కోరుకి రాత ఎలా ఉండాలో చెప్పే పట్టిక) లింకు పెట్టాను, అది డిలీట్ అయింది. క్లాసు అయ్యేసరికి వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేశారు. డబ్బు కట్టి అడిగిన ఒక్క డౌటుకి ఇదీ మర్యాద. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతోంది.

ఆ లింకులో ఏముందో ఇక్కడ చెబుతాను. రైటింగ్‌లో చూసేవి నాలుగు అంశాలు, నాలుగింటికీ సమాన వెయిటేజీ. వొకాబులరీ అందులో ఒకటి మాత్రమే, అంటే పాతిక శాతం. అరుదైన పదాల కోసం ప్రయత్నించి తప్పులు చేస్తే అది 6 లక్షణం. శైలి, కొలొకేషన్ కొంతైనా తెలిసి వాడితే 7. అంటే ఆయన దిద్దుడు నన్ను పైకి లేపేది కాదు, కిందకి లాగేది. డిస్క్రిప్టర్స్‌లో సున్నా దగ్గర ఇంకోటి కూడా ఉంది: జవాబు మొత్తం బట్టీ పట్టి రాసిందని రుజువైతే సున్నా. ఈయన కోర్సు నిండా బట్టీ టెంప్లేట్లే! మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆయనిచ్చిన స్పీకింగ్ జవాబులు వల్లెవేసి వెళ్లింది. పార్ట్ 2లో క్యూ కార్డు (మాట్లాడాల్సిన అంశం రాసిచ్చే కార్డు) మీద ఎలాగో లాక్కొచ్చింది. పార్ట్ 3లో ఎగ్జామినర్ "ఎందుకలా అనుకుంటున్నారు" అని అడిగేసరికి నోట మాట రాలేదట. ఫోన్లో ఏడ్చింది పాపం. అంత కష్టపడి చదివే పిల్ల.

ఇక రీఫండ్. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేశారు కాబట్టి ఇప్పుడు కుదరదన్నారు. పోనీ స్కోరు గ్యారెంటీ ఉంది కదా అంటే, లైవ్ క్లాసులకి హాజరు తగ్గితే అది వర్తించదట. క్లాసు లింకులు వచ్చేదే ఆ గ్రూపులో. గ్రూపులోంచి తీసేసింది వాళ్లు, ఆబ్సెంట్ పడుతున్నది నాకు! మూడు మెయిళ్లకీ అదే అచ్చు జవాబు, కింద పేరు కూడా లేదు.

చేరాలనుకునేవాళ్లు ముందు మీ సొంత ఎస్సే ఒకటి ఇచ్చి దిద్దించి చూడండి. పదం మార్చిన ప్రతిచోటా ఎందుకు మార్చారో అడగండి, ఆ జవాబులోనే తెలిసిపోతుంది. రీఫండ్ షరతులు డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పదాలు నేర్చుకోవడానికి మాత్రం ఉచితంగా దొరికే ఆ అకడమిక్ లిస్టూ, ఒక్కో పదానికి ముందూ వెనకా ఏ మాటలు వస్తాయో చూపించే కొలొకేషన్ డిక్షనరీ ఒకటీ దగ్గర పెట్టుకోండి, ప్రతి పదంతో మీ వాక్యం మీరే రాయండి.

బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, క్లాసు రికార్డింగ్ నా దగ్గర ఉంది. అదే బ్యాచ్‌లో ఇలాగే గ్రూపులోంచి తీసేసినవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, కలిసి కంప్లైంట్ ఇద్దాం.