ఒరెమూస్ వైన్లు తొల్చ్‌వాలోనే తాగి వేసిన మార్కులు

హంగరీలోని టొకాయ్ ప్రాంతపు వైన్ అనగానే అందరూ తీపి సంగతే ఎత్తుతారు. నేను పులుపు చూసి మార్కులు వేస్తాను. ఎంత తీపి వైనైనా, దాన్ని మోసే పులుపు లేకపోతే రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. ఒక్క వైనరీ వైన్లన్నీ వరసబెట్టి తాగితే ఈ తూకం ఎవరికి ఎంతవరకు కుదిరిందో తెలిసిపోతుంది. అందుకే హంగరీ ఈశాన్య మూలనున్న తొల్చ్‌వా ఊరికి, ఒరెమూస్ అనే వైనరీ వాళ్ల దగ్గరికి వెళ్లాను.

స్పెయిన్‌లోని వేగా సిసిలియా వైనరీ యజమానులు, అల్వారెస్ కుటుంబం, 1993లో మొదలుపెట్టిన వైనరీ ఇది. పేరు మాత్రం ఓ పాత ద్రాక్షతోటది. ఆ తోట పళ్లతోనే 17వ శతాబ్దంలో ఒక మతబోధకుడు మొట్టమొదటి అసూ వైన్ (బూజు పట్టి ఎండిన ద్రాక్షతో చేసే తీపి వైన్) చేశాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, 1571 నాటి పత్రంలోనే అసూ ప్రస్తావన ఉంది.

సెల్లార్ అంటే నేల కింద తవ్విన సొరంగాలు. గోడల నిండా మెత్తటి నల్లటి బూజు. పీపాల్లోంచి ఎగిరిపోయే ఆల్కహాల్ ఆవిరి మీద బతికే బూజు అది. టొకాయ్ సెల్లార్లలో దాన్ని ఎవరూ తుడవరు.

మొదటి గ్లాసు మందొలాష్. పూర్తిగా ఫుర్మింట్ ద్రాక్షతో చేసిన, తీపి లేని తెల్ల వైన్. ముక్కు దగ్గర పెడితే బేరిపండు, నిమ్మతొక్క, ఓక్ పీపా నుంచి వచ్చిన సన్నటి పొగ వాసన. నోట్లో పోసుకోగానే పులుపు సూటిగా తగులుతుంది, అయినా గరుకుగా ఉండదు. మింగేశాక నాలుక అంచుల మీద ఉప్పదనంలాంటిది చాలాసేపు నిలిచింది. ఈ కొండలు అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి, ఆ మట్టి రుచే ఇదని చాలామంది అంటారు. రాయి రుచి నేరుగా గ్లాసులోకి దిగుతుందంటే నేను నమ్మను. కానీ ఆ ఉప్పదనం ఉన్నమాట నిజం, అది నాకు బాగా నచ్చింది. బాలాటన్ సరస్సు ఫొగాష్ చేపను వేయించి దీంతో తినాలి. 10కి 8.5.

తర్వాతది లేట్ హార్వెస్ట్, అంటే ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసింది. తేలికగా, హాయిగా సాగిపోతుంది. పీచ్ పండు, పూల వాసన, మితమైన తీపి. టొకాయ్ తీపి వైన్ ఎప్పుడూ తాగనివాళ్లు ఇక్కడ మొదలుపెట్టొచ్చు. గ్లాసు దించాక మాత్రం నోట్లో పెద్దగా ఏమీ మిగల్లేదు. 7.5.

నేను అంత దూరం వెళ్లింది అయిదు పుట్టొన్యోష్ అసూ కోసం. శరదృతువులో బొద్రొగ్, తిసా నదుల మీంచి పొద్దున్నే మంచు కమ్ముకుంటుంది. ఆ తేమకి పండిన ద్రాక్షకి బోట్రైటిస్ అనే బూజు పడుతుంది, మధ్యాహ్నం ఎండకి పళ్లు ముడుచుకుపోతాయి. నీరు తగ్గి తీపీ పులుపూ రెండూ చిక్కబడతాయి. అలా ఎండిన పళ్లని ఒక్కొక్కటిగా ఏరి, ద్రాక్షరసంలోనో కొత్త వైన్‌లోనో నానబెట్టి పిండుతారు. పూర్వం 136 లీటర్ల గోన్సీ పీపాకి ఇన్ని బుట్టలని లెక్కేసేవారు. పుట్టొన్ అంటే ఆ బుట్టే, సుమారు పాతిక కిలోలు పడుతుంది. పుట్టొన్యోష్ ముందుండే అంకె ఆ బుట్టల లెక్కే. 2013లో నిబంధనలు మారాయి. ఇప్పుడు లీటరుకి కనీసం 120 గ్రాముల చక్కెర మిగిలితేనే అసూ అని రాసుకోవాలి, మూడు, నాలుగు పుట్టొన్యోష్ రకాలు పోయాయి.

నేను తాగింది 2013 పంట. ఎండు ఆప్రికాట్, నారింజ తొక్క, కుంకుమపువ్వు, చివర్న కాస్త తేనె. 120 గ్రాములు దాటిన చక్కెర నోట్లో ఎక్కడా బరువనిపించలేదు. తీపి తెలిసేలోపే పులుపు వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది, మళ్లీ గుక్క వెయ్యాలనిపిస్తుంది. ఫుర్మింట్ గొప్పతనమంతా ఇదే. పక్కన పెద్దబాతు కాలేయం పెడితే ఇంక వేరే ఏమీ అక్కర్లేదు. 9.5.

ఆరు పుట్టొన్యోష్ ఇంకా చిక్కన, ఇంకా లోతు. అత్తిపండు, కాఫీ వాసనలు వచ్చాయి. దీన్ని గొప్ప వైన్ అనడానికి వెనకాడను. అయినా ఒక గ్లాసుతో నాకు చాలనిపించింది, అయిదుతో అలా అనిపించలేదు. 9. ఇక్కడ నాతో విభేదించేవాళ్లు చాలామందే ఉంటారు.

చివర్న ఎసెన్సియా, చెంచాలో పోసిచ్చారు. ఎండిన పళ్ల కుప్ప తన బరువుకి తానే కార్చే రసం ఇది. లీటరుకి కనీసం 450 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి పులియడానికే ఏళ్లు పడుతుంది, ఆల్కహాల్ నామమాత్రం. లేత పాకంలా జారుతుంది. గొంతు దాటాక నిమిషాల తరబడి రుచి పోలేదు. గ్లాసులో తాగే వైన్ల పక్కన పెట్టి దీనికి మార్కు వెయ్యలేను.

ఇంట్లో తాగేవాళ్లకి ఒక మాట. అసూని మరీ గడ్డకట్టే చల్లదనంలో పోస్తే వాసనలు మూసుకుపోతాయి. 11, 12 డిగ్రీలు చాలు. అర లీటరు సీసా ఒక్కరోజులో అవగొట్టక్కర్లేదు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు వారాలైనా చెక్కుచెదరదు.