స్లీవ్ సర్జరీ అయ్యి ఆరేళ్ళు దాటింది, బరువు మళ్ళీ పెరిగినవాళ్ళ కోసం రాస్తున్నా

2019 ఫిబ్రవరిలో ఇక్కడే వైజాగ్‌లో స్లీవ్, అంటే బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే సర్జరీ, చేయించుకున్నాను, అప్పుడు నా బరువు 112 కేజీలు, రెండు పూటలా షుగర్ బిళ్ళలు. నెలకి ఇంత తగ్గాను, ఆర్నెల్లకి అంత తగ్గాను అని చెప్పేవాళ్ళు బోల్డుమంది ఉన్నారు గానీ ఆరేళ్ళ తర్వాత సంగతి చెప్పేవాళ్ళు నాకు పెద్దగా దొరకలేదు, అందుకే ఇది.

మొదటి ఏడాది గురించి ఎక్కువ చెప్పను. పొట్టలో ముప్పావు వంతు తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి నాకైతే తిండి మీద ధ్యాసే పోయింది. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, మళ్ళీ వచ్చింది. 2020 సంక్రాంతికి 71కి దిగాను, షుగర్ బిళ్ళలు ఆపేశారు. మా టైలరమ్మ నా బ్లౌజులన్నిటికీ పక్కల్లో లోపలివైపు మూడు వరసల కుట్టు వేసి బిగించింది.

2021 నుంచి ఆకలి మెల్లగా తిరిగొచ్చింది. ముందే ఎవరైనా చెప్తే బావుండేది అనిపించేది ఇదే. భోజనం ఇప్పటికీ కొంచెమే పడుతుంది, రెండు ఇడ్లీలకే గుండెల దాకా నిండినట్టుంటుంది, కానీ మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్, పంచదార టీ ఇవి మాత్రం ఆగవు, నమిలేసరికి మెత్తగా అయిపోయి గొట్టంలోంచి జారిపోతాయి. అన్నం నాలుగు ముద్దలకే ఆపేసే నేను సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా వంటింట్లో నిలబడి డబ్బాలో చెయ్యి పెడుతూనే ఉండేదాన్ని, ఒక్కో గుప్పెడే కదా అని. పైగా అంత బరువు తగ్గిన ఒళ్ళు ముందులా కేలరీలు ఖర్చు పెట్టదు, తక్కువ తిండితోనే సరిపెట్టుకోడం నేర్చుకుంటుంది. ఆ సంగతి నాకు చాలా లేటుగా తెలిసింది.

బ్లౌజు బిగుతయినప్పుడు టైలరమ్మకి ఇవ్వలేకపోయాను. రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూమ్ లైటు కింద కూర్చుని బ్లేడుతో ఒక వరస కుట్టు విప్పేదాన్ని, తెగిన దారం ముక్కలు పొద్దున్న ఎవరికీ కనపడకూడదని ఏరి కాగితంలో చుట్టి పారేసేదాన్ని. 76 దగ్గర మొదటి వరస, 82 దగ్గర రెండోది, 90కి వచ్చేసరికి మూడోది కూడా పోయింది.

గాజువాకలో ఒక పెళ్ళిలో మా పిన్ని అందరి ముందు "ఏటే, మూడు లక్షలు పోసి పొట్ట కోయించుకున్నావు, మళ్ళీ మొదటికొచ్చీసావా" అంది. ప్రేమతోనే అంది, అయినా ఆ మాట నన్ను నెలల తరబడి తినేసింది. కాటా మంచం కిందకి తోసేశాను, విటమిన్ బిళ్ళలు మానేశాను, ఏ మొహం పెట్టుకుని చెకప్‌కి వెళ్ళను అని రెండేళ్ళు ఊరుకున్నాను. సర్జరీ చేసిన చోట నుంచి కూడా ఏడాది తర్వాత ఒక్క ఫోన్ రాలేదు, అది వాళ్ళ తప్పే అని ఇప్పటికీ అంటాను.

మధ్యలో ఏవో వీడియోలు చూసి అయిదు రోజులు ఒట్టి ద్రవాల మీద ఉంటే పొట్ట మళ్ళీ చిన్నదవుతుందని మూడుసార్లు చేశాను, ఆరో రోజు రెండింతలు తిన్నాను, దయచేసి అది చెయ్యొద్దు.

2023 నవంబర్లో మేడమెట్లు ఎక్కుతుంటే కళ్ళు తిరిగి కూలబడిపోయాను. మావారు వేరే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళారు. హిమోగ్లోబిన్ 8.4, బి12 బాగా తక్కువ, షుగర్ మళ్ళీ మొదలైంది. ఆ విటమిన్ బిళ్ళలు జీవితాంతం వేసుకోవాల్సినవి, బరువు పెరిగినా తగ్గినా సరే, నేనేమో సిగ్గుపడి మానేశాను. ఎండోస్కోపీ చేసి గొట్టం పెద్దగా సాగలేదన్నారు. ఆ డాక్టర్ గారు తిట్టలేదు, "112 నుంచి వచ్చారు కదమ్మా, 90 అంటే ఇంకా 22 కేజీలు తక్కువే ఉన్నారు, ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు, బీపీ పెరిగితే ఇలాగే దాక్కుంటారా" అని అడిగారు. కుర్చీలోనే ఏడ్చేశాను.

అప్పట్నుంచి చేస్తున్నది కొత్తదేం కాదు. ప్లేట్లో ముందు వంజరం ముక్క లేదా గుడ్డు, తర్వాత కూర, చోటుంటే అన్నం, రోజుకి 60, 70 గ్రాముల ప్రొటీన్. తింటూ నీళ్ళు తాగను, తిన్న అరగంట దాకా కూడా. నాలుగింటికి ఉడికించిన శనగలు కూర్చుని తింటాను, మిక్చర్ డబ్బా ఇంట్లో లేదు. బీచ్‌లో మురీ మిక్చర్ నెలకోసారి తింటాను, మా అమ్మాయితో పంచుకుని, అది మానను. పొద్దున్నే బండ్లు రానివ్వని టైములో బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి పార్కు దాకా నడుస్తాను, వారానికి మూడు రోజులు ఇంట్లో చిన్న డంబెల్స్. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది మాత్రం కౌన్సెలర్‌తో రెండు నెలలు మాట్లాడటం, ఆ సాయంత్రం నాలుగు గంటల తిండి ఆకలి కాదని, ఒంటరితనమని అక్కడే బయటపడింది.

2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశానికీ వచ్చాయి, బరువు తగ్గడం ఆగిపోతే చూద్దాం అన్నారు డాక్టర్ గారు. స్లీవ్‌ని గ్యాస్ట్రిక్ బైపాస్‌గా (పొట్టని కిందున్న పేగుకి కలిపేది) మార్చే రెండో సర్జరీ, రివిజన్ అంటారు, నాకు అవసరం లేదన్నారు, పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఎక్కువున్నవాళ్ళు మాత్రం దాని గురించి తప్పక అడగండి.

మళ్ళీ చేయించుకుంటారా అంటే చేయించుకుంటాను, కానీ మొదటి రోజే అయిదేళ్ళ ఫాలోఅప్ ఎవరు చూస్తారని అడిగి మరీ చేయించుకుంటాను. ఇప్పుడు 81. బ్లౌజులకి ఒక వరస కుట్టు మళ్ళీ వేయాల్సొచ్చింది, ఈసారి టైలరమ్మకే ఇచ్చాను.